భూకంపాల గురించి నాకు తెలిసిందంతా

మీరు క్షమిస్తారన్న నమ్మకంతో చెబుతున్నాను. మాది హైదరాబాదులోని నాచారం. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు మీద ఎన్‌జీఆర్‌ఐ ఉంది కదా, 1961 నుంచి భూమి లోపలి సంగతులు పరిశోధిస్తున్న జాతీయ సంస్థ. ఆ గేటు ముందు నుంచే ఏళ్ల తరబడి ఆఫీసుకు వెళ్లొచ్చాను. ఒక్కసారీ లోపల అడుగు పెట్టలేదు, ఆ శాస్త్రం గురించి ఒక్క పుస్తకమూ తెరవలేదు. అయినా పెళ్లి పందిట్లోనైనా, సెలూన్‌లోనైనా భూకంపం మాట వస్తే చాలు, చెప్పాల్సినవాణ్ణి నేనే అనుకునేవాణ్ణి.

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. అంత దూరాన ఉన్న మాకూ ఫ్యాన్లు ఊగాయి. అపార్ట్‌మెంట్ జనమంతా పార్కింగ్‌లోకి దిగారు. అందరూ నా వైపే చూస్తున్నట్టు నాకనిపించింది. "మనది గట్టి రాతి నేల, భయపడకండి" అన్నాను. అందులో కొంత నిజముంది, మన కిందున్న గ్రానైటుకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అక్కడితో ఆగాల్సింది.

మధ్యాహ్నం బంధువొకాయన వాయిస్ మెసేజ్ పంపాడు. ఈ రాత్రి ఇంతకంటే పెద్దది వస్తుందట, సైంటిస్టులే చెప్పారట. విన్నాను, నమ్మాను, గ్రూపులో పెట్టాను, పెడుతూ "ఎన్‌జీఆర్‌ఐలో నాకు తెలిసినవాళ్లున్నారు" అని ఒక ముక్క కలిపాను. ఎవరూ లేరు. అంతే, ఫోన్లు మోగాయి, నగలు సంచుల్లోకెళ్లాయి, పిల్లలు ఏడ్చారు, నాలుగో అంతస్తు పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగి, డిసెంబరు చలిలో మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కుర్చీలో కూర్చుంది.

ఆ రాత్రే, ఇంటర్ చదివే ఓ అమ్మాయి వచ్చి, "అంకుల్, రాత్రికే వస్తుందని ఎట్లా తెలిసింది?" అని అడిగింది. "5.3 వచ్చింది కదమ్మా, ఇంకొక్క అంకె పెరిగితే 6.3, ఎంతలో పని!" అన్నాను. "ఒక్క అంకెకే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది అంకుల్" అంది. నోట మాట రాలేదు.

అబద్ధాన్ని నమ్మినందుకు కాదు నా బాధ. తెలిసినవాడన్న పేరు కోసం ఆ పెద్దావిడను చలిలో కూర్చోబెట్టాను. ఈ ఆశ మనందరికీ ఉంది. షుగరుందని ఎవరైనా అంటే మందు చెప్పకుండా ఊరుకునేవాళ్లు మనలో ఎందరు?

ఆ తర్వాత ఆ అమ్మాయి ఫిజిక్స్ పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఈ వయసులో చదవడం కష్టమే, కానీ ఇష్టంగా ఉంది. ఫలానా రోజు, ఫలానా వేళకు భూకంపం వస్తుందని ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. ఎక్కడ ప్రమాదం ఎక్కువో చెప్పగలరు. ములుగు ఉన్న గోదావరి లోయలో 1969లో భద్రాచలం దగ్గర కూడా భూమి గట్టిగా కంపించింది. మహారాష్ట్రలోని కొయ్నా ప్రాంతపు భూకంపాలను దశాబ్దాలుగా పరిశోధిస్తున్న ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు కూడా "ఈ రాత్రి" అనే మాట అనరు. ఆ మాట అనగలిగింది నాలాంటివాడే.

ఎన్‌జీఆర్‌ఐ మాతృసంస్థ సీఎస్ఐఆర్ స్థాపన దినం సెప్టెంబరు 26. ఆ సందర్భంగా ఎన్‌జీఆర్‌ఐ, జీవశాస్త్ర పరిశోధనలు చేసే సీసీఎంబీ లాంటి సంస్థలు మామూలు జనాన్నీ లోపలికి రానిస్తుంటాయి. పిల్లల్ని మాత్రమే పంపకండి, మీరూ రండి.