ఆరుగురు శ్రీనివాసులు, ఒకే లాగిన్

మా కంపెనీ ఈమెయిల్ మా దగ్గరే ఉంటుంది. జీడిమెట్ల ఫ్యాక్టరీలో, స్టోర్స్ పక్కన, ఏసీ ఉన్న ఒకే ఒక్క గదిలో. ఆ ఏసీ సర్వర్ కోసమే అంటారు గానీ, ఎండాకాలంలో మీటింగులన్నీ ఆ గదిలోనే ఎందుకు జరుగుతాయో ఎవరూ చెప్పరు. "మన ఉత్తరాలు మన కొంపలోనే ఉండాలయ్యా" అన్నది మా ఎండీగారి సిద్ధాంతం. అందుకని వచ్చిన మెయిళ్ళను డవ్‌కాట్ దాస్తుంది, పోయేవాటిని పోస్ట్‌ఫిక్స్ పంపుతుంది, అన్నిటినీ బ్రౌజర్‌లో రౌండ్‌క్యూబ్ చూపిస్తుంది. మూడూ ఉచితమే. వాటిని చూసుకునేవాణ్ణి నేను. నేనూ దాదాపు ఉచితమే.

బాధల్లా పాస్‌వర్డ్‌లతో. మెయిల్‌కొకటి, హాజరుకొకటి, జీతం స్లిప్పుకొకటి, స్టోర్స్ ఇండెంటుకొకటి. తొంభై రోజులకోసారి అన్నీ మార్చి తీరాలని ఆడిటర్ ఆజ్ఞ. మా వాళ్ళు భక్తిపరులు. గోవింద@123 గడువు తీరగానే గోవింద@124 అవుతుంది. ఎవరు ఏ నంబరు దాకా వచ్చారో చెబితే చాలు, వాళ్ళ సర్వీసెంతో లెక్కగట్టొచ్చు. ఇలా ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. ఆ కాగితం ఆడిటర్ ముందు పెడితే, "మంచి విషయమే సార్, కానీ మా చెక్‌లిస్టులో లేదు" అన్నాడు.

ఈ పాస్‌వర్డ్‌ల జాడ్యం ఇవాళ్టిది కాదు. అరవైల మొదట్లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం, ఒకే కంప్యూటర్‌ను పదిమంది వాడుకుంటున్నారు కదా, ఎవరి ఫైళ్ళు వాళ్ళకుండాలని పాస్‌వర్డ్ పెట్టింది. 1966లో ఒకరు స్వాగత సందేశాన్నీ ఇంకొకరు పాస్‌వర్డ్‌ల ఫైలునూ ఒకే సమయంలో దిద్దుతుంటే రెండూ తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివాడికీ స్వాగతం బదులు అందరి పాస్‌వర్డ్‌లూ వరసగా కనిపించాయి. పాస్‌వర్డ్ మర్చిపోయానని ఎవరూ ఫోన్ చేయని రోజు కంప్యూటర్ చరిత్రలో బహుశా అదొక్కటే.

మా ఎండీగారు ఎక్కడ విన్నారో, "పొద్దున్న ఒక్కసారి లాగిన్ అయితే సాయంత్రం దాకా ఇంకేదీ అడక్కూడదు" అన్నారు. దాన్నే సింగిల్ సైన్-ఆన్ అంటారు. అందుకు కీక్లోక్ అనే సాఫ్ట్‌వేర్ ఉందని చెప్పాను. "ఎంత?" అన్నారు. "ఉచితం" అన్నాను. "మంచి సాఫ్ట్‌వేరు" అన్నారు.

సంగతేమిటంటే, రౌండ్‌క్యూబ్ దగ్గర మెయిళ్ళుండవు. మన పాస్‌వర్డ్ తీసుకుని, మన తరఫున డవ్‌కాట్ దగ్గరికెళ్ళి అడిగి తెస్తుంది. సింగిల్ సైన్-ఆన్‌లో ఆ పాస్‌వర్డ్ కీక్లోక్‌కు తప్ప ఎవరికీ తెలియదు. మరి రౌండ్‌క్యూబ్ ఏం చూపించి అడగాలి? కీక్లోక్ ఇచ్చిన టోకెన్ చూపించాలి. 2021లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచీ రౌండ్‌క్యూబ్‌కు ఈ విద్య వచ్చు. డవ్‌కాట్ ఆ టోకెన్ మీది సంతకం, గడువు చూసి లోపలికి రానిస్తుంది.

ఆ గడువు మామూలుగా ఐదు నిమిషాలు. అది తీరేలోగా రౌండ్‌క్యూబ్ గుట్టుగా కొత్తది తెచ్చుకుంటుంది. కానీ మెయిల్ సర్వర్ గడియారం వెనకబడితే, అప్పుడే పుట్టిన టోకెన్‌ను చూసి ఇంకా ముహూర్తం రాలేదంటుంది. ముందుకు పోతే ముహూర్తం దాటిపోయిందంటుంది. మా సర్వర్ బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది ఏ సంవత్సరంలో నిద్రలేస్తుందో దానికే తెలియదు. బ్యాటరీ మార్చి, ఎన్‌టీపీతో టైం కలిపాక గానీ కుదుటపడలేదు.

ఇవన్నీ యంత్రాల తగాదాలు, తీరిపోతాయి. తీరనిది పేర్ల తగాదా. టోకెన్‌లోని ఐడీ, డవ్‌కాట్‌లోని ఐడీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మా హెచ్‌ఆర్ జాబితాలో ఆరుగురు శ్రీనివాసులున్నారు. ఒకాయనకు ఇంగ్లీషులో ఒక 'ఐ', ఒకాయనకు రెండు 'ఈ'లు. ఒకాయన ఇంటిపేరు ఆధార్‌లో ముందు, పాన్‌లో వెనక. ఇంకొకాయన న్యూమరాలజీ చూపించుకుని చివర ఒక 'ఏ' తగిలించుకున్నాడు. అది తీసేద్దామంటే, "ఆ 'ఏ' వచ్చాకే కదా సార్ ప్రమోషన్ వచ్చింది!" అని అడ్డం పడ్డాడు.

"ఎస్. శ్రీనివాస్, శ్రీనివాస్ ఎస్. ఒకరేనా మేడమ్?" అని హెచ్‌ఆర్ మేడమ్‌ను అడిగాను.

"అబ్బే, ఒకాయన ప్లేటింగ్, ఒకాయన డిస్పాచ్."

"మరి ఎస్. శ్రీను ఎవరు?"

"ప్లేటింగాయనేనండీ. అది పెళ్ళికి ముందు ఐడీ."

పెళ్ళికీ ఐడీకీ సంబంధమేమిటని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఎలాగో మొదలైంది. అందరూ బాగుందన్నారు, స్టోర్స్ వాళ్ళు తప్ప. అక్కడ ముగ్గురికి ఒకటే కంప్యూటర్. సూపర్‌వైజర్‌గారు వెళ్తూ వెళ్తూ మెయిల్‌లో లాగౌట్ నొక్కారు. తర్వాత షిఫ్టు కుర్రాడొచ్చి లాగిన్ నొక్కితే, పాస్‌వర్డ్ ఊసే లేకుండా సూపర్‌వైజర్‌గారి ఇన్‌బాక్స్ తెరుచుకుంది. మెయిల్ మరిచిపోయినా, ఆయన ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడని కీక్లోక్ నమ్ముతోంది మరి! మర్నాడు ఆ కుర్రాడు వినయంగా, "పాలసీ ప్రీమియం ఇరవై లోపు కట్టాలటగా సార్?" అన్నాడు. లోపలికి రావడం ఒక్కసారితో అయిపోతుంది గానీ, బయటికి పోవాలంటే అన్ని చోట్లా విడివిడిగా సెలవు తీసుకోవాలి. అన్నిటికీ కలిపి ఒకే లాగౌట్ పెట్టేదాకా సూపర్‌వైజర్‌గారు నాతో మాట్లాడలేదు.

ఇక ఫోన్లు. చాలా మెయిల్ యాప్‌లు పెద్ద కంపెనీల టోకెన్లను గౌరవిస్తాయి గానీ, జీడిమెట్ల కీక్లోక్‌ను ఖాతరు చేయవు. పాస్‌వర్డ్ కావాలని మొండికేస్తాయి. కాబట్టి ఫోనుకు వేరే పాస్‌వర్డ్ ఇచ్చాం. "అన్నిటికీ ఒక్కటే అన్నావు, రెండయ్యాయేం?" అని ఎండీగారు నిలదీశారు. నాలుగు రెండయ్యాయి కదా సార్, సగానికి సగం మిగులు అన్నాను. మిగులు అనే మాటకు ఆయన కరగని రోజు లేదు.

కీక్లోక్ పడుకుంటే బ్రౌజర్‌లో ఎవరికీ ఏదీ తెరుచుకోదు. అది పడుకుందని చెప్పే మెయిల్ కూడా అదే మెయిల్‌బాక్స్‌లో భద్రంగా పడి ఉంటుంది. ఆపద్ధర్మంగా, కీక్లోక్‌తో పనిలేని అడ్మిన్ ఖాతా ఒకటి పెట్టి, దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవర్లో సీలేసి ఎండీగారి బీరువాలో పెట్టించాను. ఆడిటర్‌కు మా ఏర్పాట్లన్నిటిలోకీ నచ్చింది ఆ కవరొక్కటే.

మీ ఆఫీసులోనూ ఎవరైనా ఈ పనికి నడుం కడుతుంటే నా మనవి ఇది. సాఫ్ట్‌వేర్‌లన్నీ ఉచితంగానే దొరుకుతాయి. ఎవరు ఎవరో తేల్చే జాబితా మాత్రం ఎక్కడా డౌన్‌లోడ్‌కు దొరకదు. ముందు హెచ్‌ఆర్ దగ్గర కూర్చుని మీ శ్రీనివాసుల లెక్క తేల్చుకోండి. ఐడీని పేరుతో ముడిపెట్టకండి, ఉద్యోగి నంబరుతో ముడిపెట్టండి. దాని జోలికి న్యూమరాలజీ వాళ్ళు కూడా రారు.