నల్లపెట్టె

నా పేరు బ్లాక్ బాక్స్. విమానం కూలినప్పుడల్లా టీవీల్లో మారుమోగే ఆ బ్లాక్ బాక్స్ నేను కాదు. దానికి పేరులోనే నలుపు. శిథిలాల్లో తొందరగా కంటపడాలని ఒళ్లంతా నారింజ రంగు పూస్తారు. నీళ్లలో మునిగినా ఇక్కడున్నానంటూ రోజుల తరబడి తనే కూత పెడుతుంది. నేను మాత్రం అచ్చమైన నలుపు. కూత రాదు. బ్యారక్‌లో మంచం కింద ఉండే రేకు ట్రంకు పెట్టెను. ఎయిర్‌ఫోర్స్‌లో కింది నౌకరీ చేసిన వాళ్లందరికీ నాలాంటిది ఒకటి ఉండేది.

పుట్టుక గురించి చెప్పడానికేం లేదు. రేకు, మూలలకు పట్టీలు, రెండు గొళ్లేలు. 1968లో తాంబరంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ పని నేర్చుకుంటున్న నల్లగొండ కుర్రాడు నన్ను కొన్నాడు. తెల్లరంగు తెచ్చి మూత మీద హోదా, పేరు, కింద ఆరంకెల సర్వీసు నంబరు రాసుకున్నాడు. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా హోదా మీద నల్లరంగు పూసి కొత్తది రాసేవాడు. ఎ.సి. పోయి ఎల్.ఎ.సి., అది పోయి కార్పొరల్, చివరికి సార్జెంట్. నంబరు మాత్రం మారలేదు. గోరుతో గీకితే ఆయన ఇరవై ఏళ్ల నౌకరీ పొరలు పొరలుగా రాలేది.

1971 డిసెంబర్ 3, పొద్దు గూకే వేళ పఠాన్‌కోట్ రన్‌వే మీద పాకిస్తాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు నేను అక్కడే, మంచం కింద ఉన్నాను. గోడ పెచ్చులు నా మీద రాలాయి. మూత మీది సొట్ట ఆనాటిదేనని చాలాసార్లు గొప్పలు పోయాను. నిజానికది తర్వాత బదిలీ మీద వస్తూ రైల్లోంచి దించేటప్పుడు పడింది. ఆ యుద్ధానికి ఆయనకు పశ్చిమీ స్టార్ పతకం వచ్చింది. నా అడుగున పరిచిన పేపరు కింద దాచాడు.

ఆ బదిలీ దుండిగల్‌కే. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ తలుపులు తెరిచి అప్పటికి ఏడాదో రెండేళ్లో. కిరణ్ విమానంలో కేడెట్, శిక్షకుడు పక్కపక్కన కూర్చుంటారు. వాళ్లు కూర్చునే ముందు టైర్లు, గొట్టాలు, రెక్కల కీళ్లు తడిమి చూసి కాగితం మీద సంతకం పెట్టేది మా సార్. ఒక్క స్పానర్ లెక్క తప్పినా ఆ విమానం కదలడానికి వీల్లేదు. దొరికేదాకా వెతకాల్సిందే. ఒకసారి ఎండలో మూడు గంటలు వెతికితే అది ఆయన జేబులోనే దొరికిందట. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెవులకు పెట్టుకోమని ఇచ్చినవి ఎప్పుడూ మెడకే వేలాడేవి. జెట్ ఇంజిన్ కీచు రోజూ వింటే చెవులు ఏమవుతాయి? ఎవరి మాట వినేవాడు కాదు, తర్వాత ఎవరి మాటా వినబడలేదు.

1988లో రిటైరై ఎల్.బి.నగర్‌లో రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. కాలనీలో మొదట మిలిటరీ అంకుల్, తర్వాత మిలిటరీ తాత. ఎయిర్‌ఫోర్స్ అని ఎంత చెప్పినా మిలిటరీ తాతే. "విమానం నడిపేవాడివా తాతా?" అని పిల్లలడిగితే "లేదు బిడ్డా, నడిచేటట్టు చూసేవాణ్ని" అనేవాడు. పిల్లల మొహాలు వాడిపోయేవి.

ఏటా అక్టోబర్ 8న, ఎయిర్‌ఫోర్స్ డే నాడు, నా గొళ్లేలు తెరుచుకునేవి. టోపీ తీసి దులిపి, మళ్లీ లోపల పెట్టేవాడు. మిగతా మూడువందల అరవై నాలుగు రోజుల సంగతి వినండి. మేడమీది గదిలో అద్దెకుండి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు పోయే కుర్రాళ్లు నా మీద చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నారు. మూత మీద కాలిన మచ్చ చూడండి, పడవ ఆకారంలో ఉంటుంది. తర్వాత సజ్జ మీదికెక్కించారు, పక్కన పగిలిన కూలర్. అక్కడా చోటు చాలక డాబా మీద నీళ్ల ట్యాంకు కిందికి చేర్చారు. ట్యాంకు కారేది. సరిగ్గా ఆయన పేరు మీద. మూడు వానాకాలాలకు పేరు తుప్పులో కలిసిపోయింది. నంబరు మిగిలింది.

2023 డిసెంబర్ 4న దుండిగల్ నుంచి లేచిన పిలాటస్ విమానం తూప్రాన్ దగ్గర కూలి, శిక్షకుడూ కేడెట్ ఇద్దరూ చనిపోయారు. టీవీలో అక్షరాలు చదివినట్టున్నాడు, మోకాళ్లు పట్టుకుంటూ డాబా ఎక్కి వచ్చాడు. మూత తెరిచాడు. టోపీ తియ్యలేదు. పేపరు కింద చెయ్యి పెట్టి పతకాన్ని తడిమి, ఉందనుకున్నాక మూసేశాడు. కిందినుంచి కోడలు "మామయ్యా, అన్నం" అని నాలుగుసార్లు పిలిచింది. నాకు వినిపించింది.

మరుసటి ఏడు ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టడానికి బిల్డర్‌కిచ్చారు. సామాన్లు సర్దే రోజు వీధిలోకి "పాత ఇనుప సామాన్లు కొంటాం" అంటూ మైకు ఆటో వచ్చింది. కొడుకు నాలోంచి బట్టలు, టోపీ తీసి సంచిలో వేసి, నన్ను కూలర్‌తో పాటు తూకానికిచ్చాడు. ఆయన వాకిట్లో కుర్చీలోనే ఉన్నాడు, వీధికి వీపు పెట్టి. మైకు ఆయన వెనకే, ఐదడుగుల దూరంలో మోగింది.

ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఉన్నాను. నిన్న అక్కడి కుర్రాడు రేకు విడగొట్టబోతూ పేపరు లాగాడు.

"అన్నా, ఎవరిదో పతకం ఉన్నది. పెట్టె మీద నంబర్ గూడ ఉన్నది, ఫోన్ చేద్దామా?"

"చెయ్యి మరి."

వాడు ఫోను తీసి మూత మీద వేలు పెట్టి ఒక్కో అంకె నొక్కాడు. ఆగిపోయాడు.

"అన్నా, ఆరే ఉన్నయే."