ఎనిమిదంటే అయిదు!

ముందు ఆ అర పాయింటు సంగతి తేల్చుకుందాం. 2021 డిసెంబర్ 12న అబుదాబిలోని యాస్ మరీనా ట్రాక్ మీదికి ఫార్ములా వన్ డ్రైవర్లు లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ వచ్చేసరికి ఇద్దరి ఖాతాలోనూ చెరో 369.5 పాయింట్లు. ఇరవై ఒక్క రేసులు అయిపోయాయి, మిగిలింది ఇదొక్కటే. హామిల్టన్ గెలిస్తే ఎనిమిదో ప్రపంచ టైటిల్, మైకేల్ షూమాకర్ టైటిళ్ళ రికార్డు గల్లంతు. వెర్‌స్టాపెన్ గెలిస్తే జీవితంలో మొదటిది. అంతా బాగానే ఉంది గానీ, గెలిచినవాడికి 25, రెండోవాడికి 18, మూడోవాడికి 15 పంచే ఆటలో ఈ అర ఎలా దూరింది?

ఆ ఆగస్టు 29న బెల్జియంలోని స్పాలో వాన కుండపోతగా కురిసింది. జనం గంటల తరబడి స్టాండ్లలో నానారు. ఎట్టకేలకు కార్లు బయటికొచ్చి, సేఫ్టీ కారు వెనకాల బుద్ధిగా తిరిగి, మళ్ళీ లోపలికి పోయాయి. ఒకరినొకరు దాటకూడదు, పోటీ పడకూడదు. ఫలితాన్ని మొదటి ల్యాప్ దగ్గర ఖరారు చేసి సగం పాయింట్లు పంచారు. వెర్‌స్టాపెన్‌కు పన్నెండున్నర, మూడో స్థానంలో తేలిన హామిల్టన్‌కు ఏడున్నర. అదీ ఆ అర పుట్టుక. ఎవరూ ఎవరితోనూ పోటీ పడని రేసుకు పాయింట్లేమిటి మహాప్రభో అని మొత్తుకుంటే, రూలు అలాగే ఉందన్నారు. నిజమే, అప్పటికి ఉంది. పాఠకులు ఇది మనసులో పెట్టుకోవాలి. ఆగస్టులో రూలు దేవుడు. డిసెంబర్‌కల్లా ఆ దేవుడి విగ్రహాన్ని పక్కకు జరిపి అక్కడ కెమెరా పెట్టారు.

పక్కకు జరిపినాయన పేరు మైకేల్ మాసి. ఆస్ట్రేలియా మనిషి, అప్పటి ఫార్ములా వన్ రేస్ డైరెక్టర్. 2019లో మెల్‌బోర్న్ రేసు ముందు చార్లీ వైటింగ్ హఠాత్తుగా కన్నుమూయడంతో ఆ కుర్చీ ఈయనకు వచ్చింది. అబుదాబికి వారం ముందు జెడ్డాలో ఈయన పనితీరు చూసినవాళ్ళకు ఆపై జరిగింది పెద్దగా ఆశ్చర్యం కలిగించి ఉండదు. అక్కడ వెర్‌స్టాపెన్ ట్రాక్ దాటి వెళ్ళి స్థానం నిలబెట్టుకున్నాడు. ఇలాంటప్పుడు అధికారి తీర్పు చెబుతాడని మనలాంటి అమాయకులు అనుకుంటారు. మాసి వెర్‌స్టాపెన్ జట్టు రెడ్‌బుల్‌కు ‘ఆఫర్’ ఇచ్చాడు. రేడియోలో, లోకమంతా వింటుండగా. ముందొక స్థానం చెప్పి, ఆనక సవరించి మూడో స్థానం అన్నాడు. న్యాయమూర్తే బేరానికి దిగితే ముద్దాయి మాత్రం ధర తగ్గించమని అడగడా?

ఆ అలవాటుతోనే రెండు జట్లూ అబుదాబికి దిగాయి. మొదటి ల్యాప్‌లోనే వెర్‌స్టాపెన్ లోపలి నుంచి దూసుకొస్తే, హామిల్టన్ మలుపు వదిలేసి బయటి నుంచి వెళ్ళి ముందే తేలాడు. సంపాదించిన లాభం తిరిగిచ్చేశాడు, విచారణ అక్కర్లేదు అన్నారు. రెడ్‌బుల్ శిబిరం గగ్గోలు పెట్టింది. తర్వాత జొవినాజ్జీ కారు దారిలో ఆగిపోతే, హామిల్టన్ అప్పటి జట్టు మెర్సిడెస్ బాస్ టోటో వోల్ఫ్ రేడియో అందుకుని, సేఫ్టీ కారు మాత్రం వద్దని మాసిని బతిమాలాడు. అంటే ఆ రోజు సిఫార్సు చేయించుకోవడానికి గేటు ముందు నిలబడ్డది ఒక్క పార్టీ కాదు. ఇరుపక్షాలకూ డైరెక్టర్ గారి నంబరు తెలుసు, ఆయన ఫోనెత్తుతాడనీ తెలుసు.

మొత్తం 58 ల్యాపులు. 53వ ల్యాప్‌లో, టైటిల్‌తో ఏ సంబంధమూ లేని నికలస్ లతీఫీ తన విలియమ్స్ కారును గోడకు కొట్టాడు. అప్పటికి హామిల్టన్ పది సెకన్లకు పైగా ముందున్నాడు. సేఫ్టీ కారు వచ్చింది, ఆ సెకన్లన్నీ ఆవిరయ్యాయి. హామిల్టన్ పిట్‌లోకి వెళ్తే వెర్‌స్టాపెన్ వెళ్ళకుండా ముందుకొచ్చేస్తాడు. అందుకని 14వ ల్యాప్‌లో వేసుకున్న హార్డ్ టైర్ల మీదే ఉండిపోయాడు. పోగొట్టుకునేది ఏమీ లేని వెర్‌స్టాపెన్ లోపలికి వెళ్ళి సాఫ్ట్ టైర్లు వేయించుకొచ్చాడు. ఇద్దరి మధ్యా ఒక ల్యాప్ వెనకబడిన కార్లు అయిదు: నోరిస్, అలోన్సో, ఓకోన్, లెక్లేర్, వెటెల్. వెర్‌స్టాపెన్ వెనక అలాంటివే మరో మూడు: రికియార్డో, స్ట్రోల్, మిక్ షూమాకర్. మొత్తం ఎనిమిది. ఈ లెక్క ముఖ్యం.

ముందు వచ్చిన ఆదేశం: వెనకబడిన కార్లు దాటకూడదు. అంటే వెర్‌స్టాపెన్ అయిదు కార్ల వెనకాలే ఉండాలి. అప్పటి రెడ్‌బుల్ బాస్ క్రిస్టియన్ హార్నర్ రేడియో అందుకున్నాడు. ఆ కార్లను ఎందుకు పంపించరు, మాకు కావాల్సింది ఒక్క రేసింగ్ ల్యాపే కదా అన్నాడు. కాస్త ఆగమన్నాడు మాసి. ఆనక రెండో ఆదేశం వచ్చింది: అయిదు కార్లు దాటవచ్చు. సరిగ్గా ఆ అయిదే. మిగతా మూడూ ఎక్కడివక్కడే. ఆ వెంటనే, ఇదే ల్యాప్ చివర సేఫ్టీ కారు లోపలికి వచ్చేస్తుందని కబురు.

ఇప్పుడు రూలు పుస్తకం తిరగేద్దాం. అప్పటి 48.12 అనే నిబంధన ప్రకారం వెనకబడిన కార్లను దాటనిచ్చాక, వాటిలో చివరిది లీడర్‌ను దాటిన తర్వాతి ల్యాప్ పూర్తయ్యాకే సేఫ్టీ కారు లోపలికి రావాలి. కార్లను వదిలింది 57వ ల్యాప్‌లో. తర్వాతి ల్యాప్ 58. అదే ఆఖరిది. అంటే రూలు ప్రకారం నడిస్తే రేసు సేఫ్టీ కారు వెనకాలే ముగియాలి, హామిల్టన్ గెలవాలి. కార్లను అసలు వదలకపోయినా రూలుకు భంగం లేదు. అప్పుడు వెర్‌స్టాపెన్ అయిదింటినీ దాటుకుంటూ రావాలి. దారులు రెండున్నాయి. మాసి మూడోది వేశాడు.

రూలు ఆయనకు తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. అంతకు ముందు ఏడాది, 2020 అక్టోబర్‌లో, నూర్‌బుర్గ్‌రింగ్‌లో సేఫ్టీ కారు చాలాసేపు ట్రాక్ మీదే ఉండిపోయిందని డ్రైవర్లు విసుక్కుంటే, వెనకబడిన కార్లన్నింటినీ దాటనివ్వాలని నిబంధనలే చెబుతున్నాయి కదా అని సంజాయిషీ ఇచ్చింది సాక్షాత్తూ మాసీయే. అక్కడ అన్నీ అంటే అన్నీ. అబుదాబిలో ఎనిమిదంటే అయిదు. గణితం కూడా ఎడారి గాలికి మారుతుందేమో.

ఆఖరి ల్యాప్‌కు పచ్చజెండా ఊపారు. నలభై ల్యాపులకు పైగా అరిగిన హార్డ్ టైర్లకూ సాఫ్ట్ టైర్లకూ పోటీ. అయిదో మలుపు దగ్గరే తేలిపోయింది. వెర్‌స్టాపెన్ 2.256 సెకన్ల తేడాతో గెలిచాడు. మూడోవాడు కార్లోస్ సైన్జ్ సంగతి ఎవరికీ పట్టలేదు. వెర్‌స్టాపెన్‌కూ ఆయనకూ మధ్య దాటనివ్వని రెండు కార్లు అడ్డుగా ఉండిపోయాయి. ఒక్క ల్యాప్ రేసన్నారే, ఆ రేసుకు పిలుపు ఇద్దరికే. ఇది చాలా అన్యాయం మైకేల్ అని వోల్ఫ్ రేడియోలో మొత్తుకున్నాడు. టోటో, దీన్ని మోటార్ రేస్ అంటారు అని మాసి జవాబు. ఆ మాట స్పాలో వానలో నానిన జనానికి ఎవరైనా ఆగస్టులోనే చెప్పి ఉంటే టికెట్ డబ్బులు వాపసు అడిగేవారు.

ఆ రాత్రి మెర్సిడెస్ వాళ్ళు రేసు తీర్పరులైన స్టీవార్డుల దగ్గర పంచాయితీ పెట్టారు. 48.12లో ఉన్నది ‘ఏ కార్లైనా’ అని, ‘అన్ని కార్లూ’ అని కాదు అన్నది రెడ్‌బుల్ వాదన. ఎల్.ఎల్.బి. మొదటి ఏడాది కుర్రాడు కూడా జంకే వాదన, కానీ రెడ్‌బుల్ జంకలేదు. వీలైనంతవరకూ రేసులు పచ్చజెండా కిందే ముగియాలని జట్లన్నీ ఎప్పుడో అనుకున్నాయని మాసి గుర్తుచేశాడు. స్టీవార్డులు ఏమన్నారయ్యా అంటే, 48.12 పూర్తిగా అమలు కాకపోయి ఉండవచ్చు గానీ, సేఫ్టీ కారును లోపలికి పిలిచాక 48.13 దాన్ని మించిపోతుంది, పైగా సేఫ్టీ కారు మీద సర్వాధికారాలూ డైరెక్టర్‌వే అన్నారు. రూలు పాటించలేదు, అయినా రూలు తప్పలేదు. ఈ వాక్యాన్ని మన సచివాలయాల్లో పటం కట్టించి పెట్టుకోవచ్చు.

పోనీ, ఫలితాన్ని 57వ ల్యాప్ దగ్గర లెక్కించండి అని మెర్సిడెస్ అడిగింది. అమ్మో, జరిగిపోయిన రేసును వెనక్కి వెళ్ళి కుదించడం తగదన్నారు. స్పాలో వెనక్కి వెళ్ళి మొదటి ల్యాప్ దగ్గర ఫలితం ఖరారు చేసిన ఏడాదే ఇది! దానికి వేరే రూలుందని నాకూ తెలుసు. ఈ ఆటలో ప్రతిదానికీ వేరే రూలుంది, అదే అసలు జబ్బు.

మూడు రోజుల తర్వాత హామిల్టన్ విండ్సర్ కోటకు వెళ్ళి ‘సర్’ బిరుదు పుచ్చుకొచ్చాడు. అదే రోజు ప్రపంచ మోటార్ క్రీడా సమాఖ్య ఎఫ్‌ఐఏ నోరు విప్పింది. అబుదాబిలో తప్పు జరిగిందని చెప్పిందా? లేదు. జట్లూ డ్రైవర్లూ అభిమానులూ అపార్థం చేసుకున్నారు, ఈ రచ్చ వల్ల ఛాంపియన్‌షిప్ పరువు పోతోంది అంది. కోట్లమంది కళ్ళారా చూసింది అపార్థమట. మర్నాడు మెర్సిడెస్ అప్పీలు ఆలోచన మానుకుంది. ఆ సాయంత్రం పారిస్‌లో జరిగిన బహుమతుల వేడుకకు హామిల్టన్, వోల్ఫ్ వెళ్ళలేదు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మన సామెత. ఎఫ్‌ఐఏ మూడు నెలలకే మొరిగింది, ఆ మేరకు మెచ్చుకోవాలి. 2022 ఫిబ్రవరి 17న మాసిని ఆ కుర్చీలోంచి దింపారు. మార్చి 19న, కొత్త సీజన్ మొదటి రేసుకు క్వాలిఫయింగ్ జరిగే రోజున, అందరి కళ్ళూ ట్రాక్ మీదుండగా నివేదిక వదిలారు. మాసి సదుద్దేశంతోనే వ్యవహరించాడట. వెనకబడిన కార్లను గుర్తించే పని అప్పటిదాకా మనుషులే చేతితో చేస్తున్నారట, అందువల్ల మానవ తప్పిదం జరిగిందట. సెకనులో వెయ్యో వంతును కొలిచే ఆట ఇది. ఆ ఆటలో ఎనిమిది దాకా లెక్కపెట్టడానికి యంత్రం లేదు! ఇకపై సాఫ్ట్‌వేర్ లెక్కపెడుతుందన్నారు. జట్ల బాసులు డైరెక్టర్‌తో నేరుగా రేడియోలో మాట్లాడకూడదన్నారు. ‘ఏ’ తీసేసి ‘అన్నీ’ అని రాశారు. ఫలితం మాత్రం చెల్లుతుందన్నారు.

ఈ సంస్థకు ఇదేం కొత్త కాదు. 1994లో అడిలైడ్ ఆఖరి రేసులో మైకేల్ షూమాకర్ గోడకు తగిలి, తిరిగొచ్చి డేమన్ హిల్‌ను గుద్ది, ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్ అయ్యాడు. శిక్ష లేదు. 1997లో హెరెజ్ ఆఖరి రేసులో అదే షూమాకర్ టైటిల్ ప్రత్యర్థి విల్నవ్‌ను గుద్దాడు. రేసుల్లో ఇవి మామూలేనని స్టీవార్డులు ఆ రోజు తేల్చేశారు. తర్వాత ఎఫ్‌ఐఏ తీరిగ్గా ఆలోచించి ఆయన్ను ఆ ఏడాది పట్టికలోంచి తొలగించింది, గెలిచిన రేసులు మాత్రం ఆయనకే ఉంచింది. టైటిల్ ఎలాగూ ఓడిపోయినవాడి చేతిలోంచి రెండో స్థానం లాక్కోవడం అన్నమాట. గుద్ది గెలిచినవాడికి ఏమీ లేదు, గుద్ది ఓడినవాడికి శిక్ష. తప్పు గుద్దడంలో కాదు, ఓడిపోవడంలో ఉందని డ్రైవర్లు అర్థం చేసుకుంటే వాళ్ళ తప్పా?

ఈ వ్యవహారంలో ఎక్కువ నష్టపోయింది హామిల్టన్ అని అందరూ అంటారు. టైటిల్ పోయింది కాబట్టి నిజమే. కానీ వెర్‌స్టాపెన్‌కు జరిగిందీ తక్కువేం కాదు. ఆ ఏడాది పది రేసులు గెలిచినవాడు, ఆ తర్వాత 2022, 2023, 2024లో వరసగా ఛాంపియన్ అయినవాడు. అతనికి ఎవరి దానమూ అక్కర్లేదు. అయినా ఆ మొదటి టైటిల్ పక్కన ప్రశ్నార్థకం పెట్టించింది అతని డ్రైవింగ్ కాదు, మాసి ఆదేశం. ఇక గోడకు కారు కొట్టిన పాపానికి లతీఫీకి చంపుతామని బెదిరింపులొచ్చాయి. రూలు తప్పినవాళ్ళ ఉద్దేశం సదుద్దేశమైంది, బ్రేకు తప్పినవాడు మాత్రం దోషి అయ్యాడు.

రేసు రక్తికట్టాలని ఆ రోజు అందరూ కోరుకున్నారు: టీవీ వాళ్ళు, జట్లు, జనం. కోరుకోవచ్చు. రక్తికట్టించడం డ్రైవర్ల పని, రూలు నిలబెట్టడం అధికారి పని. రెండోవాడు మొదటివాడి పని నెత్తినేసుకున్నాడు, అదీ తప్పు. సేఫ్టీ కారు వెనకాల ముగిస్తే కొంపలేం మునగవని ఎఫ్‌ఐఏయే తర్వాత చూపించింది. 2022 సెప్టెంబర్ 11న మోన్జాలో రికియార్డో కారు ఆగిపోతే, రేసును చివరిదాకా సేఫ్టీ కారు వెనకాలే నడిపి ముగించారు. గెలిచింది వెర్‌స్టాపెనే. జనం గోల చేశారు, తిట్టుకున్నారు, ఇళ్ళకు వెళ్ళిపోయారు. మోన్జాలో ఎవరు గెలిచారన్న దానిపై ఇవాళ ఎవరూ కొట్లాడుకోవడం లేదు.