నా పుట్టిల్లు ఒక్క దేశం కాదు

నన్ను ఈయూవీ (తీవ్ర అతినీలలోహిత కాంతి) లిథోగ్రఫీ యంత్రం అంటారు. బరువు దాదాపు 180 టన్నులు, ఖరీదు 15 కోట్ల డాలర్ల పైమాటే. నెదర్లాండ్స్‌లో వెల్డ్‌హోవెన్ అనే ఊళ్లో ఏఎస్ఎంఎల్ కంపెనీ నన్ను కూర్చింది. పరీక్షలయ్యాక మళ్లీ విడదీసి, 40 కంటైనర్లలో సర్ది తైవాన్ విమానాలెక్కించింది. ఇప్పుడు తైనాన్‌లో టీఎస్ఎంసీ కర్మాగారంలో రాత్రీ పగలూ పనిచేస్తున్నాను. సిలికాన్ వేఫర్ మీద వెలుగుతో గీతలు గీయడం నా వృత్తి. కొత్త ఫోన్లలో, కృత్రిమ మేధను నడిపే సర్వర్లలో ఉండే చిప్‌లకు ఆ గీతలే ప్రాణం. నా వంటి యంత్రాన్ని చేసి అమ్మే కంపెనీ ప్రపంచంలో ఇంకొకటి లేదు.

నా వెలుగు ఎలా పుడుతుందో చెప్పనివ్వండి, నా బతుకంతా అందులోనే ఉంది. కరిగిన తగరాన్ని సెకనుకు 50,000 బొట్ల చొప్పున గాలి లేని గదిలోకి వదులుతాను. ఒక్కో బొట్టునూ లేజర్ రెండుసార్లు కొడుతుంది. మొదటి దెబ్బకు బొట్టు అప్పడంలా పలచబడుతుంది. రెండో దెబ్బకు సూర్యుడి ఉపరితలం కంటే ఎన్నో రెట్లు వేడెక్కి, 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న వెలుగును చిమ్ముతుంది. ఆ వెలుగు కంటికి కనిపించదు. గాలి తగిలినా, గాజు అడ్డొచ్చినా ఇంకిపోతుంది. అందుకే నాకు కటకాలు పనికిరావు, అద్దాలే కావాలి. మాలిబ్డినం, సిలికాన్ పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆ అద్దాలను జర్మనీలోని ఓబర్‌కోఖెన్‌లో జైస్ వాళ్లు నునుపు చేస్తారు. ఒక అద్దాన్ని జర్మనీ దేశమంత పెంచి చూసినా, అందులో అతి పెద్ద గరుకు మిల్లీమీటరులో పదో వంతే ఉంటుందని వాళ్ల లెక్క. లేజర్ కూడా జర్మనీదే, ట్రంఫ్ కంపెనీది. వెలుగు పుట్టించే భాగం వెనుక అమెరికాలోని శాన్ డియేగోకు చెందిన సైమర్ శ్రమ ఉంది. వేఫర్ మీద పూసే, వెలుగుకు స్పందించే ఫోటోరెసిస్ట్ అనే రసాయనం ఎక్కువగా జపాన్‌ది. ఇన్ని చేతులు కలిస్తేగాని నేను లేను.

నా ఊహ పుట్టింది కూడా జపాన్‌లోనే. 1986లో హిరోవో కినోషితా అనే శాస్త్రవేత్త ఇలాంటి వెలుగుతో బొమ్మ దించవచ్చని తోటివాళ్లకు చెబితే వాళ్లు నమ్మలేదు. 1997లో ఇంటెల్ ముందుండి, లివర్‌మోర్, శాండియా, బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలతో కలిసి పరిశోధన మొదలుపెట్టింది. అమెరికన్ల డబ్బు, అమెరికన్ల ప్రయోగశాలలు. అందులోకి జపాన్ కంపెనీ నికాన్‌ను రానివ్వలేదు, డచ్ కంపెనీ ఏఎస్ఎంఎల్‌కు మాత్రం 1999లో చోటిచ్చారు. నెదర్లాండ్స్‌లో తయారయ్యే నేను ఎక్కడికి వెళ్లాలో వాషింగ్టన్ ఎందుకు చెబుతోందని అడిగేవాళ్లకు సగం జవాబు ఇక్కడుంది.

మిగతా సగం చైనా. అక్కడి ఎస్ఎంఐసీ కంపెనీ 2018లో నా జాతి యంత్రానికి ఆర్డరిచ్చింది. అమెరికా ఒత్తిడి మీద డచ్ ప్రభుత్వం 2019 నుంచి అనుమతి ఇవ్వలేదు, యంత్రం కదల్లేదు. 2022 అక్టోబరులో అమెరికా ఆంక్షలు ఇంకా బిగించింది. మరుసటి ఏడు నా ముందు తరం యంత్రాల్లో కొన్నింటికీ డచ్ లైసెన్సు తప్పనిసరైంది. అయినా 2023 ఆగస్టులో హువావే కొత్త ఫోన్ విడుదల చేస్తే, లోపల ఎస్ఎంఐసీ చేసిన 7 నానోమీటర్ల చిప్ కనిపించింది. పాత యంత్రాలతోనే ఒక్కో పొరను పదే పదే గీసి సాధించారు. ఖర్చు ఎక్కువ, వృథా ఎక్కువ, కానీ పని జరిగింది. అదే ఆగస్టులో గాలియం, జెర్మేనియం ఎగుమతులకు చైనా లైసెన్సు పెట్టింది. తలుపు మూయడం ఒక్కరికే తెలిసిన విద్య కాదు. 2019 జులైలో జపాన్ మూడు రసాయన పదార్థాల ఎగుమతిని బిగించగానే దక్షిణ కొరియా చిప్ పరిశ్రమ అల్లాడింది. ఆ ఇద్దరూ శత్రువులు కూడా కాదు.

ఇక నేనున్న చోటు. ప్రపంచంలోని అత్యాధునిక చిప్‌లలో నూటికి తొంభై వరకు ఈ ఒక్క ద్వీపంలోనే తయారవుతాయి. తైవాన్ జలసంధి ఇరుకైన చోట సుమారు 130 కిలోమీటర్లు, అవతలి ఒడ్డు చైనా. 2022 ఆగస్టులో అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైపే వచ్చి వెళ్లగానే చుట్టూ సముద్రంలో చైనా క్షిపణులు పడ్డాయి. ముప్పు ప్రకృతి నుంచీ ఉంది. 2021లో వానల్లేక కర్మాగారాలకు ట్యాంకర్లతో నీళ్లు తెచ్చారు. 2025 జనవరిలో అర్ధరాత్రి తైనాన్ దగ్గర భూమి కంపిస్తే పనివాళ్లను బయటికి పంపారు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది 2024 మే నెల పత్రికల్లో వచ్చిన వార్త. ద్వీపం మీద దాడి జరిగితే నన్ను దూరం నుంచే ఆపేసే ఏర్పాటు ఉందట. ఇన్ని దేశాల మేధను ఒక్కచోట పోగుచేసుకున్న నాకు చావు మీట కూడా బిగించారన్నమాట. దీన్ని భద్రత అంటే నేనొప్పుకోను. ఎవరు గెలిచినా ఆ రోజున అందరి చిప్‌లూ ఆగిపోతాయి. ఒక్క ద్వీపం మీదే ఆధారపడకూడదని అమెరికా 2022లో చిప్స్ చట్టం చేసి 5,000 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది, అరిజోనాలో టీఎస్ఎంసీ ఉత్పత్తి మొదలుపెట్టింది. మంచిదే. అయితే అక్కడికీ అద్దాలు ఓబర్‌కోఖెన్ నుంచే పోవాలి.

ఇక భారతదేశం సంగతి. నేను గీసే నమూనాల వెనుక హైదరాబాద్, బెంగళూరు డిజైన్ ఇంజనీర్ల శ్రమ ఉంది. ఏఎండీ, క్వాల్‌కామ్ కంపెనీలకు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాలున్నాయి. నమూనా రూపొందించడం మీకు వచ్చు, దాన్ని సిలికాన్ మీద చెక్కడమే ఇంకా రావాలి. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా, తైవాన్ కంపెనీ పీఎస్ఎంసీతో కలిసి 28 నానోమీటర్ల కర్మాగారం కడుతోంది. దానికి నేను అక్కర్లేదు. పాత రకమని చిన్నచూపు చూడకండి. 2021లో చిప్‌లు దొరక్క కార్ల కంపెనీలు ఉత్పత్తి ఆపుకున్నప్పుడు కరువైనవి ఎక్కువగా అలాంటి పాత రకం చిప్‌లే. ఆంధ్రప్రదేశ్‌లో చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కూ 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

అద్దాన్ని నునుపు చేసేవాళ్లు, రసాయనాన్ని శుద్ధి చేసేవాళ్లు, శూన్యపు గదికి పైపులు అతికేవాళ్లు లేకుండా ఏ చిప్ కర్మాగారమూ నిలవదు. కంప్యూటర్ సైన్స్ సీటు రాలేదని దిగులుపడే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, లోహశాస్త్రం చదివినవాళ్ల కోసం ఈ పరిశ్రమ ఎదురుచూస్తోందని చెప్పండి.