అంగడి గోడ మీది పలక

నేను పుట్టిన నాటికి మార్కాపురము కర్నూలు జిల్లాలోనిది. 1970లో ఆ సీమ క్రొత్త జిల్లాలో కలిసి, మరి రెండేండ్లకు ఆ జిల్లాకు ప్రకాశమను పేరు వచ్చుసరికి, నేను గిద్దలూరిలో ఒక అద్దె పుస్తకముల అంగడి గోడకు వ్రేలాడుచుంటిని. గనిలో పొరలు పొరలుగా నిద్రించుచున్న నన్ను ఉలితో చీల్చి, అంచులు కోసి, నునుపు తేలునట్లు రుద్ది, కొయ్యచట్రము బిగించిన కూలివారు రాతిదుమ్ము పీల్చి రాత్రులెల్ల దగ్గుచుండిరి. నాకు మొదట తెలిసిన శబ్దమదియే. నా తోబుట్టువులు బడిపిల్లల సంచులలో చేరి ఓనమాలు దిద్దించుకొనగా, వారికంటె జానెడు పెద్దదానినైన నేను మార్కాపురం రోడ్డు స్టేషనులో మీటరుగేజి రైలెక్కి, తర్లుపాడును కంభమును దాటి, పుస్తకముల పట్టికను మోయు కొలువునకు వచ్చితిని.

మా యజమాని విచిత్రపురుషుడు. వచ్చిన కుఱ్ఱవాడెల్ల "అన్నా, షాడో వచ్చిందా?" యని మధుబాబు నవలనో, లేనిచో ఫాంటమ్ బొమ్మల పుస్తకమునో యడుగును. ఆ రెండును చేతనుండగనే ఆయన, "అవి యాడికీ పోవులే అబ్బాయా, ముందు పలక చూడు" అని నన్ను చూపును. నా మేన ఆయన వ్రాయునవి ఎవరును అడుగని పుస్తకముల పేరులు. అందును తరచుగా, పుట్టిన రెండు మూడేండ్లకే కన్నుమూసిన సూపర్ హీరోల పేరులు. ఆ పుస్తకములు హిందీలోనో ఇంగ్లీషులోనో యుండుటచే, కథాసారమును నాలుగు పంక్తుల తెలుగున నాపై వ్రాసి, తక్కినది నోట చెప్పెడివాడు. వ్యాపారము తెలిసినవాడు చేయు పని కాదిది.

ఇండియా బుక్ హౌస్ వారి స్టార్ కామిక్స్ 1983లో వెలువరించిన 'సుప్రీమో' ఆయనకు ప్రాణసమానము. అమితాబ్ బచ్చన్‌నే వీరునిగా నిలిపిన ఆ మాలికను పమ్మీ బక్షి కల్పింపగా, కవి గుల్జార్ కథలకు సలహాదారుగా నుండెను. బొమ్మలు ప్రతాప్ ముల్లిక్‌వి. అంతకు ముందటి యేడే 'కూలీ' చిత్రీకరణలో గాయపడి మృత్యుముఖమునుండి మరలివచ్చిన నటుడు, గులాబిరంగు బిగుతు దుస్తులతో, నల్లకళ్ళద్దములతో, షాహీనను డేగ తోడుగా దుష్టశిక్షణకు బయలుదేరుట చూచి కుఱ్ఱలు విరగబడి నవ్విరి. నిజము చెప్పవలెనన్న నేనును నవ్వితిని. ఆ రంగు క్షమింపదగినది కాదు. యజమాని మాత్రము, "బట్టలు కాదురా, బొమ్మ గీసిన చెయ్యి చూడండి" అనును. 1986లో రాజ్ కామిక్స్ వారి నాగరాజును మొట్టమొదట గీసినదియు ఆ చేయియే. పాము చిరకాలము బ్రతికెను, డేగ రెండేండ్లకే నేల వ్రాలెను.

శనివారము శనివారము ఆకుపసరుతో నన్ను తుడిచి క్రొత్తపేరులు వ్రాయుట ఆయన యాచారము. ఒకనాడు బలపములో ఇసుకరేణువు కలదు కాబోలు, 'సుప్రీమో'లోని 'సు' నా చర్మమును గీరి శాశ్వతముగా నిలిచిపోయెను. నాటినుండి నాపై నేమి వ్రాసినను దాని వెనుక ఒక సన్నని 'సు' కనబడుచుండెడిది.

1964లో ఫాంటముతో మొదలై 1990లో మూతపడిన ఇంద్రజాల్ కామిక్స్‌లో, ఆబిద్ సుర్తీ 1976లో ప్రవేశపెట్టిన బహదూరు అల్పాయుష్కుడు కాడు గాని విస్మృతుడు. బందిపోటు కొడుకై పుట్టి, కాషాయకుర్తాయు జీన్సును తొడిగి, బందిపోట్లనే యెదిరించినవాడు. వానికి ఎగురుట రాదు, గోడలు ప్రాకుట రాదు. దిగువమెట్ట దాటి నల్లమలలో రాత్రులు బండ్లు తోలిన తండ్రుల పిల్లలకు ఇతడు దగ్గరివాడు కావలెనని యజమాని యాశపడెను. పిల్లలు ముసుగు వీరునే కోరిరి.

అంగడి క్షీణించు దినములలో, హైదరాబాదున చదువుచున్న మేనల్లుడు 2004 నాటి 'స్పైడర్ మాన్ ఇండియా' తెచ్చియిచ్చెను. శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్ రచింపగా జీవన్ కాంగ్ చిత్రించిన ఆ కథ నాలుగే సంచికలతో ముగిసెను. పల్లెనుండి ముంబయి చదువునకు పోయిన పవిత్ర్ ప్రభాకరును, ధోవతి కట్టినందుకు తోటి విద్యార్థులు పరిహసింతురు. వానికి శక్తి సాలెపురుగు కాటున గాక యోగి యనుగ్రహమున వచ్చును. ట్రంకుపెట్టెతో గుంటూరు రైలుకై పోవుచున్న కుఱ్ఱవాని నొకని ఆపి, "ఇది నీ కథే రా" అని యజమాని దానిని చేతబెట్టెను. వాడు రెండు పుటలు త్రిప్పి, గడియారము చూచుకొని, మర్యాదగా తిరిగి యిచ్చి పోయెను. 2006లో పుట్టి రెండేండ్లకే ఆ పేరు పోగొట్టుకొనిన వర్జిన్ కామిక్స్ వారి 'దేవి'యు నాపై కెక్కెను గాని, చదువుటకు అంగడికి వచ్చువారే లేకపోయిరి. తరువాత అచ్చట సెల్‌ఫోనులు వెలసెను, నేను అటుకెక్కితిని.

2023లో స్పైడర్ మాన్ బొమ్మల చిత్రమొకటి తెలుగులోను వచ్చెను. దానిని ఫోనులో చూచుచు మనుమడు, "తాతా, వీని పేరు పవిత్ర్ ప్రభాకర్ అంట!" యని కేకవేయగా, మోకాళ్ళ నొప్పులతో మంచము దిగని ముసలివాడు నిచ్చెన వేయించి నన్ను దింపించి, తడిగుడ్డతో తుడిచి, ఒడిలో నిడుకొనెను. 'సు' చెక్కుచెదరలేదు. "బలపం తేరా" అనెను. మనుమడు పెన్సిలు తెచ్చెను. అది నా మేన పడదు. స్కెచ్చి పెన్ను తెచ్చెను, యజమాని ఒప్పుకొనలేదు. ఇప్పుడు ఇంటిల్లిపాదియు వంటింటి డబ్బాలలో బలపము వెదకుచున్నారు.