మంచితనానికి మార్కులు

కంపెనీల సుస్థిరతను, సామాజిక బాధ్యతను కొలవడం అంటే, ఒక కంపెనీ నేలకూ నీటికీ మనుషులకూ చేసిన మేలునూ కీడునూ అంకెల్లోకి దించి, ఆ అంకెలను గ్రేడుగా మార్చి, ఆ గ్రేడును వార్షిక నివేదికలో అందమైన ఆకుపచ్చ పేజీ మీద అచ్చువేయడం. ఈ మూడు దశల్లో ఎక్కువ శ్రద్ధ దక్కేది చివరిదానికే. కొలిచేది కంపెనీనే అని బయటివాళ్లు అనుకుంటారు. ఆచరణలో కొలతకు వచ్చేది నివేదిక. నివేదిక బాగుంటే కంపెనీ బాగున్నట్టే లెక్క. కంపెనీ ఎలా ఉందో ప్రహరీగోడ అవతల కాపురం ఉండేవాళ్లను అడిగినా తెలుస్తుంది గానీ, వాళ్లు చెప్పేది పట్టికలో ఇమడదు.

ఈ శాస్త్రం పుట్టుక మంచి ఉద్దేశంతోనే జరిగింది. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కా తీరంలో ముడిచమురు ఒలకబోసింది. కంపెనీలు ఇలాంటివాటికి జవాబు చెప్పాలని అమెరికాలో కొందరు మదుపరులు, పర్యావరణవాదులు ఏకమయ్యారు. ఆ ఒరవడిలోనే 1997లో బోస్టన్‌లో గ్లోబల్ రిపోర్టింగ్ ఇనిషియేటివ్ ఏర్పడింది. అంతకు మూడేళ్ల ముందు, 1994లో, జాన్ ఎల్కింగ్టన్ అనే బ్రిటిష్ సలహాదారు ‘ట్రిపుల్ బాటమ్ లైన్’ అనే పేరు పెట్టాడు. లాభంతోపాటు మనుషులకూ భూగోళానికీ కూడా పద్దు రాయాలన్నది ఆయన మాట. పాతికేళ్లు గడవబోతుండగా, 2018లో, హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆయనే ఒక వ్యాసం రాసి, లోపం బయటపడ్డ కార్లను తయారీదారు వెనక్కి పిలిపించినట్టు తన భావనను వెనక్కి పిలిపిస్తున్నానని ప్రకటించాడు. పెట్టుబడిదారీ విధానాన్నే మారుస్తుందనుకున్నది చివరికి లెక్కల పద్దుగా మిగిలిందని ఆయన బాధ. కన్నతండ్రి వద్దన్నా ఆ మాట నివేదికల్లో నిక్షేపంగా కొనసాగుతోంది.

కొలత అన్నాక కొలిచేవాళ్లు ఉండాలి. వీళ్లను ఈఎస్‌జీ రేటింగ్ సంస్థలంటారు. పర్యావరణం, సమాజం, పాలన అనే మూడింటినీ కలిపి ఒక్క గ్రేడు ఇవ్వడం వీళ్ల వృత్తి. బెర్గ్, కోల్బెల్, రిగోబోన్ అనే ముగ్గురు పరిశోధకులు ఇలాంటి ఆరు సంస్థల మార్కులను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే కంపెనీకి వేర్వేరు సంస్థలిచ్చిన మార్కుల మధ్య సహసంబంధం సగటున 0.54 మాత్రమే. కంపెనీల అప్పు తీర్చే సత్తాకు రేటింగ్ ఇచ్చే సంస్థల మధ్య అదే సంఖ్య 0.9 దాటుతుంది. అప్పు తీరుస్తాడా లేదా అన్న విషయంలో లోకానికి ఏకాభిప్రాయం ఉంది. మంచివాడా కాదా అన్న విషయంలో చాలావరకు ఎవరి మాట వాళ్లదే. ఏ అంశానికి ఎంత బరువివ్వాలన్న చోట పేచీ ఉంటే అర్థం చేసుకోవచ్చు. కాని తేడాలో సగానికి పైగా వచ్చింది ఒకే అంశాన్ని ఎవరికి తోచిన కొలబద్దతో వాళ్లు కొలవడం వల్లనని ఆ ముగ్గురే తేల్చారు. దీన్ని లోపంగా చూడటం అమాయకత్వం. ఒకరి దగ్గర తప్పిన కంపెనీ మరొకరి దగ్గర ఫస్టు క్లాసులో పాసవుతుంది, నివేదికలో ఏ మార్కుల జాబితా అతికించాలన్నది కంపెనీ ఇష్టం. 2022 మేలో ఎస్ అండ్ పీ 500 ఈఎస్‌జీ సూచీ నుంచి విద్యుత్ కార్ల టెస్లాను తీసేశారు. చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ మాత్రం అందులోనే ఉండిపోయింది. ఇది ఆ అలాస్కా చమురు తాలూకు ఎక్సానే.

ఇక్కడ ఒక సందేహం తీరాలి. ఈ గ్రేడు కంపెనీ లోకానికి చేసిన హాని మీద ఇచ్చింది కాదా? చాలావరకు కాదు. ఈ రంగంలో పెద్దన్న ఎంఎస్‌సీఐ ప్రధానంగా చూసేది లోకం వల్ల కంపెనీ లాభాలకు వచ్చే ముప్పును. రెండూ ఒకటే అనుకుని పొదుపు డబ్బు పెట్టేవాళ్లు కోకొల్లలు. ఆ పొరపాటును తొందరపడి సరిదిద్దినవాళ్లు మాత్రం తక్కువ. 2021లో ఎంఎస్‌సీఐ దగ్గర మెక్‌డొనాల్డ్స్ రేటింగ్ పెరిగింది. 2019లో ఆ కంపెనీ సరఫరా గొలుసు మొత్తం వెలువరించిన ఉద్గారాలు పోర్చుగల్, హంగరీ వంటి దేశాల ఉద్గారాల కన్నా ఎక్కువ. అయినా రేటింగ్ ఎలా పెరిగింది? వాతావరణ మార్పు వల్ల ఈ కంపెనీ లాభాలకు ముప్పూ లేదు, మేలూ లేదు అని తేల్చి, కర్బన ఉద్గారాల పద్దునే లెక్కలోంచి తొలగించారు. పెంచడానికి చూపిన కారణాల్లో ఒకటి ఫ్రాన్స్, బ్రిటన్‌లలో కొన్ని దుకాణాల ముందు పెట్టిన రీసైక్లింగ్ చెత్తబుట్టలు. బ్లూమ్‌బర్గ్ పత్రిక ఇదంతా 2021 డిసెంబరులో బయటపెట్టింది. ఆవులు వదిలే మీథేన్ కన్నా చెత్తబుట్ట మూత కంటికి త్వరగా ఆనుతుందన్నది నిజమే.

కొలిచే వేళకు ఎలా నడుచుకోవాలో అందరికన్నా క్షుణ్ణంగా అర్థం చేసుకున్నది ఫోక్స్‌వ్యాగన్. 2015 సెప్టెంబరులో డౌ జోన్స్ సుస్థిరతా సూచీ ఆ కంపెనీని వాహన రంగంలో అగ్రగామిగా ప్రకటించింది. అదే నెల 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దాని గుట్టు విప్పింది. డీజిల్ కారును పొగ పరీక్షకు నిలబెట్టారా, రోడ్డు మీద నడుపుతున్నారా అన్నది కారులోని సాఫ్ట్‌వేరే కనిపెట్టేది. పరీక్ష అయితే కారు సాధుజంతువు. రోడ్డెక్కితే నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతించిన దానికి 40 రెట్ల దాకా. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోటి కార్లలో ఈ ఏర్పాటు ఉంది. అక్టోబరులో ఆ కంపెనీని సూచీ నుంచి తొలగించారు. న్యాయంగా చూస్తే తొలగించాల్సింది కాదు. పరీక్షలో ఒక నడత, రోడ్డు మీద ఒక నడత అన్న సూత్రాన్ని మిగతావాళ్లు నివేదికలతో, సలహాదారులతో, ఫొటోలతో అమలు చేస్తుంటే, ఫోక్స్‌వ్యాగన్ దాన్ని ఒక చిప్‌లో ఇమిడ్చింది.

పట్టికలు నమ్మనివాళ్ల కోసం ఆడిట్ ఉంది. మనిషి స్వయంగా ఫ్యాక్టరీకి వెళ్లి, చూసి, సర్టిఫికెట్ ఇస్తాడు. ఆ మనిషి ఫీజు చెల్లించేది సాధారణంగా ఫ్యాక్టరీయే. వచ్చే రోజు కూడా తరచు ముందే తెలుస్తుంది. కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. కార్మికుల భద్రతకూ హక్కులకూ అది అంతర్జాతీయ ప్రమాణం. ఇచ్చింది ఇటలీకి చెందిన రీనా. సెప్టెంబరు 11న ఆ ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప కమ్మీలు, తలుపులకు తాళాలు. మంట ఎలా పుట్టిందన్నది తర్వాత కోర్టులో తేలాల్సిన సంగతి. తలుపులు తెరుచుకుంటాయా లేదా అన్నది మాత్రం సర్టిఫికెట్‌కు ముందే తేలాల్సిన సంగతి. అప్పటికి ఆ కాగితం వయసు నెల కూడా నిండలేదు.

పాలన అనే మూడో అంశానికి పాఠ్యపుస్తకంలో హైదరాబాద్ పేరే రాయాలి. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ అంతర్జాతీయ పురస్కారం దక్కింది. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. పురస్కారాన్ని వెనక్కి తీసుకున్నారు. దాన్ని ఇవ్వడానికి వాడిన కొలత గురించి మాత్రం ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. ఇదే కథలో రేటింగ్ సంస్థలకు కొరుకుడుపడని సంగతి ఇంకొకటుంది. 2005లో అదే రాజు చొరవతో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ నిజంగా పనిచేసింది. రాత్రి పూట ఫోన్ చేస్తే బండి వచ్చేది, తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. బండి నిజం, బ్యాంకు నిల్వ అబద్ధం. రెండింటినీ కూడి, రెండుతో భాగించి, ఒకే అక్షరం రాయమంటే ఏ అక్షరం రాయాలో సూత్రంలో ఉండదు.

భారతదేశం ఈ చిక్కును చట్టంతో పరిష్కరించింది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల నికర లాభం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. కొలత ఇప్పుడు తేలికైపోయింది. ఏం మారింది అన్న ప్రశ్న పోయి, ఎంత ఖర్చయింది అన్న ప్రశ్న మిగిలింది. 98 శాతం ఎలా సంపాదించారన్నది ఈ సెక్షను పరిధిలోకి రాదు. 2016-17లో ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం, ఆయిల్ ఇండియా కలిసి గుజరాత్‌లోని పటేల్ విగ్రహానికి 146.83 కోట్ల సామాజిక బాధ్యత నిధులిచ్చాయి. పద్దు పేరు వారసత్వ సంపద పరిరక్షణ. విగ్రహం ఆవిష్కరణ జరిగింది 2018లో. ఇంకా కట్టని దాన్ని వారసత్వ సంపద అనలేమని కాగ్ అభ్యంతరం చెప్పింది. ఆడిటర్లకు దూరదృష్టి తక్కువ. 2020లో కరోనా వచ్చినప్పుడు పీఎం కేర్స్ నిధికి ఇచ్చిన విరాళం సామాజిక బాధ్యత అవుతుందనీ, ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే కాదనీ కేంద్ర మంత్రిత్వశాఖ స్పష్టం చేసింది. ఒకే రోగానికి ఒకే రూపాయి ఇచ్చినా, బాధ్యత అవునా కాదా అన్నది చెక్కు మీద రాసిన పేరును బట్టి మారుతుంది.

ఖర్చు ఫలించిందా అని చూసే ఏర్పాటు కూడా తర్వాత వచ్చింది. సగటు బాధ్యత 10 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు కోటి రూపాయలు, ఆపైన పెట్టిన ప్రాజెక్టులకు బయటి సంస్థ చేత ప్రభావ అంచనా వేయించాలి. ఆ అంచనాకయ్యే ఖర్చును కూడా కొంత పరిమితి దాకా సామాజిక బాధ్యత ఖర్చులోనే రాసుకోవచ్చు. మేలు జరిగిందని ధ్రువీకరించడమూ ఒక మేలే. ఇక అంకెల సంగతి చెప్పనక్కర్లేదు. నాటిన మొక్కలు పద్దుకెక్కుతాయి, వేసవి దాటినవి ఎక్కవు. ఒక రక్తపోటు శిబిరానికి వచ్చినవాళ్లంతా లబ్ధిదారులే, మందు తర్వాతి నెలకు దొరికిందా లేదా అన్నదానికి గడి ఉండదు.

స్టాక్ మార్కెట్‌లో నమోదైన అతిపెద్ద 1,000 కంపెనీలకు 2022-23 నుంచి సెబీ మరింత వివరమైన నివేదికను తప్పనిసరి చేసింది. దాన్ని బీఆర్ఎస్ఆర్ అంటారు. తొమ్మిది సూత్రాలు, వాటి కింద తప్పనిసరి ప్రశ్నలు కొన్ని, ‘నాయకత్వ’ ప్రశ్నలు కొన్ని. నాయకత్వ ప్రశ్నలంటే ఇష్టమైతే జవాబు చెప్పేవి. సరఫరాదారుల నుంచి, అమ్మిన సరుకు వాడకం నుంచి వచ్చే ఉద్గారాలు ఈ ఐచ్ఛిక కోవలోకే చేరాయి. చాలా పరిశ్రమల్లో అసలు పొగంతా అక్కడే ఉంటుంది. విద్యుత్తు, నీరు, ఉద్గారాల తీవ్రతను రూపాయి టర్నోవరుకు ఇంత అని చెప్పాలి. ఇదొక అందమైన ఏర్పాటు. అంతే సిమెంటు, అంతే పొగ, కాని బస్తా ధర పెరిగింది అనుకుంటే, తీవ్రత తగ్గుతుంది. ద్రవ్యోల్బణానికి ఇంతటి పర్యావరణ స్పృహ ఉన్నట్టు ఆర్థికవేత్తలు ఇంతకాలం గుర్తించలేదు.

భద్రతకు వాడే కొలత ప్రమాదాల ఫ్రీక్వెన్సీ రేటు: పని ఆగిపోయేంత గాయాలు ఎన్నో లెక్కించి, 10 లక్షల పనిగంటలకు ఎన్ని పడ్డాయో చూస్తారు. ఉద్యోగులు, కార్మికులు మాత్రమే ఈ లెక్కలోకి వస్తారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. చనిపోయింది చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. వాళ్లు ఆ ఫ్యాక్టరీలో ఒక్క గంట పనిచేసి ఉండరు గనుక ఈ సూత్రంలో లవంలోనూ రారు, హారంలోనూ రారు. ఇరుగుపొరుగు కోసం నివేదికలో వేరే గడులున్నాయి: ఎన్ని ఫిర్యాదులు అందాయి, ఏడాది చివరికి ఎన్ని పరిష్కరించారు అని. ఫిర్యాదు చేయాలంటే మనిషి ఉండాలన్నది ఆ గడికి తెలియదు.

ఇన్ని అంకెలు నిజమేనా అని చూడటానికి ముఖ్యమైన కొన్నిటికి స్వతంత్ర హామీ తీసుకోవాలని 2023లో సెబీ చెప్పింది. మొదట 150 కంపెనీలు, ఏటా కొన్ని పెంచుకుంటూ 2026-27 నాటికి మొత్తం వెయ్యి. ఖర్చు ఎక్కువవుతోందని పరిశ్రమ మొరపెట్టుకుంది. 2025 మార్చిలో వచ్చిన సర్క్యులర్‌తో ‘హామీ’ కాస్తా ‘మదింపు లేదా హామీ’ అయింది. కంపెనీకి సరుకు పంపేవాళ్ల, కంపెనీ నుంచి కొనేవాళ్ల వివరాలు చెప్పడం పెద్ద 250 కంపెనీలకు ఏడాది వెనక్కి జరిగి, ఐచ్ఛికమైంది. ఆ వివరాల్లోకి కూడా అందరూ రారు. కంపెనీ కొనుగోళ్లలో గానీ అమ్మకాల్లో గానీ ఒక్కొక్కరి వాటా కనీసం 2 శాతం ఉండాలి; ఈ అంకె మీద మన చట్టాలకు ఎందుకో మమకారం. కాజాలు కుట్టే ఆడవాళ్లు, చర్మాలు నానబెట్టే చిన్న తొట్ల యజమానులు, క్వారీలో రోజుకూలీలను తెచ్చే మేస్త్రీలు ఎవరూ ఒక పెద్ద కంపెనీ కొనుగోళ్లలో 2 శాతం కాలేరు. పిల్లలు పనిచేసేది, తొట్టి నీరు వాగులో కలిసేది ఎక్కువగా వాళ్ల దగ్గరేనన్నది కార్మిక శాఖకు కొత్త కబురు కాదు. నివేదికలో మాత్రం ఆ గడి ఖాళీగా ఉండదు, ‘వర్తించదు’ అని ఉంటుంది.