బండి మూతికి గొట్టం ఎప్పుడు?

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ లెక్క చాలా కచ్చితం. నడిపేవాడి 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటిందా, కేసే. ఆ లెక్కకు జడిసి లింగాల ఘనపూర్ నుంచి జనగామ పోయే మనిషి తాటికల్లు మానుకుని, మంచినీళ్లు తాగి బైకెక్కుతాడు. ఆయన కింది బండి మాత్రం ఏమీ మానుకోలేదు. ఇప్పుడు బంకులో పోసే ఇ20 పెట్రోలులో 100 మిల్లీలీటర్లకు 20 మిల్లీలీటర్లు ఇథనాలే. తూకంలో సుమారు 15,800 మిల్లీగ్రాములు, అంటే మనిషికి పెట్టిన హద్దుకు ఐదువందల రెట్లు పైమాటే. కల్లులో మత్తెక్కించేదీ ఈ సరుకే. తాగనివాడి నోట్లో గొట్టం పెట్టి ఊదమనే సర్కారు, తాగిన బండి మూతి వాసన కూడా చూడదు. బండికి మత్తెక్కదు కదా అంటారా? ఎక్కదు, ఆకలి పెరుగుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పాత కార్లకు మైలేజీ 6–7 శాతం, టూవీలర్లకు 3–4 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఇథనాల్ తీసే మక్కలకు గిరాకీ వస్తే రైతుకు మంచిదే కాబట్టి అది వద్దని నేననను. పోసేదెంతో కొలిచి చూపించమంటాను, అంతే.

ఇరవై అని రాసే ఉంది కదా, కొలిచేదేముందన్నది మొదటి అభ్యంతరం. దీనికి జవాబు స్పీడు పిచ్చోళ్ల దగ్గర దొరుకుతుంది. అమెరికాలో ఇ85 అని అమ్ముతారు. అక్కడి ప్రమాణం ప్రకారం అందులో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు. పేరులోని 85 ఆ హద్దులోనే లేదు! ఇథనాల్ ఇంజిన్ కొట్టుకోకుండా ఆపుతుంది గనుక టర్బో ఒత్తిడి పెంచి హార్స్‌పవర్ పిండుకుంటారు. కానీ కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. శాతం తప్పుగా ఊహించి ఇంధనం తక్కువ పోస్తే పిస్టన్ కరిగి చేతికొస్తుంది. అందుకే లేబుల్‌ను నమ్మక పైపులోనే సెన్సార్ బిగిస్తారు. విద్యుత్ క్షేత్రానికి పెట్రోలు స్పందన 2 అయితే ఇథనాల్‌ది 24 పైచిలుకు. ఆ తేడా పట్టుకుని సెన్సార్ ఇథనాల్ లేకపోతే 50 హెర్ట్జ్, మొత్తం అదే అయితే 150 పంపుతుంది. 70 వస్తే మన ఇ20 అన్నమాట. డాలస్‌లో అలాంటి కారు తోలే మన జిల్లా పిల్లగాడు ఎవడైనా ఉంటే, వాడికి శాతం స్క్రీన్ మీద కనబడుతుంది. ఊళ్లో వాళ్ల నాయిన స్ప్లెండర్‌కు దేవుడే సెన్సార్.

బీఎస్6 బళ్లు వాటంతటవే సర్దుకుంటాయనేది రెండో అభ్యంతరం. నిజమే, ఆక్సిజన్ సెన్సార్ చూసి కొంతమేరకు సర్దుకుంటాయి. పాత కార్బ్యురేటర్ బండికి ఆ తెలివి లేదు, జెట్‌కు ఎంత రంధ్రం ఉందో అంతే. బంకులో డెన్సిటీ చూపిస్తారుగా అనేవాళ్లూ ఉన్నారు. పెట్రోలు డెన్సిటీ ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఎక్కడున్నా నిబంధనల ప్రకారం సరే, ఇథనాల్‌ది 790 దరిదాపు. 740 ఉన్న పెట్రోలులో ఐదో వంతు అది కలిపినా మొత్తం 750 దగ్గర బుద్ధిమంతుడిలా నిలబడుతుంది. ఏం తెలిసినట్టు?

అసలు రహస్యం చెప్పేది నీళ్లే. ఇథనాల్‌కు పెట్రోలుతో స్నేహం నీళ్లు కనబడే వరకే. వానకాలం ట్యాంకులో తగినంత నీరు చేరితే పెట్రోలును వదిలేసి, నీళ్లతో జట్టు కట్టి అడుగుకు దిగుతుంది. ఈ ద్రోహబుద్ధే పరీక్షకు పనికొస్తుంది. గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో 10 గీత దాకా నీళ్లు, ఆపైన 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూసి, బాగా కుదిపి నిలబెట్టాలి. కాసేపటికి రెండు పొరలుగా విడిపోతుంది. ఇ20 అయితే కింది పొర 28 దగ్గరికి ఎదుగుతుంది. ల్యాబ్ పరీక్షంత కచ్చితం కాదు, గీత ఒకటి రెండు అటూఇటూ అవుతుంది. అయినా ఊహకంటే నయం కాదా?

ఈ పరీక్ష బంకులోనే చేసి చూపించమంటే, వెనక బళ్లు లైన్ కడతాయని బంకు వాళ్లు అంటారు. ఐదు లీటర్ల కొలపాత్ర, ఫిల్టర్ పేపరు ఇప్పటికే అడిగినవాళ్లకు ఇవ్వాల్సినవే, వాటి పక్కన గాజు గొట్టం ఒకటి పెట్టడం పెద్ద బరువేం కాదు. ఒక చిక్కు మాత్రం ఉంది. నీళ్లు కలిసిన ఆ పెట్రోలును తిరిగి ట్యాంకులో పోయకూడదు, బంకు వాళ్లకే అప్పజెప్పాలి. ఆ 90 మిల్లీలీటర్ల డబ్బు ఎవరిదో తేలేదాకా వెనక రెండు బళ్లు ఆగక తప్పదు.